మంచు దారిలో బండి దిగబడితే: అపోహలు - వాస్తవాలు

చలికాలం మొదలైతే సాయంత్రాలు నా ఫోను ఖాళీగా ఉండదు. మంచు పడిన అడవి దారుల్లో, కొండ దారుల్లో దిగబడిన బండ్లను బయటికి తీయడం నా పని. అక్కడికి వెళ్లగానే ముందు బండిని చూడను, చక్రాల కింద గొయ్యి ఎంత లోతుందో చూస్తాను. నాకు ఫోన్ చేయక ముందు ఆ మనిషి ఎంతసేపు యాక్సిలరేటర్ తొక్కాడో ఆ గొయ్యే చెప్పేస్తుంది.

దిగబడటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నేనూ ఏటా దిగబడతాను. కానీ ఇరవై నిమిషాల్లో తేలాల్సిన పని అర్ధరాత్రి దాకా సాగిందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటి ఐదు నిమిషాల్లో ఏదో ఒక నమ్మకంతో చేసిన పని. ఆ నమ్మకాల్లో నాకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఫోర్ బై ఫోర్ ఉంటే మంచులో భయం లేదు.

వాస్తవం: నాలుగు చక్రాలకూ పవర్ అందితే బండి కదలడం తేలికవుతుంది. ఆగడం కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కాబట్టి అక్కడ ఫోర్ బై ఫోర్ అదనంగా చేసేదేమీ లేదు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు కొడితే బండి సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద అదే 40 మీటర్ల దాకా, ఐసు మీద 100 మీటర్ల దగ్గరికి పోతుంది. ఇది బ్రేకు మీద కాలు పడ్డాక లెక్క, తేరుకునే సమయం వేరు. బాగా చలిగా ఉన్న రోజు కంటే సున్నా డిగ్రీల దగ్గర, పైన సన్నటి నీటి పొర ఉన్న ఐసు ఇంకా జారుడు. ఎండ కాసింది కదా అని ధీమాగా బయల్దేరినవాళ్లు నాకు మధ్యాహ్నం పూట దొరుకుతారు.

ఇంకో సంగతి. డిఫరెన్షియల్ లాక్, అంటే ఇరుసుకు రెండు వైపులా ఉన్న చక్రాలను కలిపి తిప్పే ఏర్పాటు, లేని బండిలో ఒక ఇరుసు మీది రెండు చక్రాల్లో ఒకటి ఒట్టిగా తిరిగిందంటే, పట్టున్న రెండో చక్రానికి కూడా అంతే బలం అందుతుంది, అంటే దాదాపు ఏమీ అందదు. ముందు ఒకటి, వెనక ఒకటి తిరుగుతుంటే కాగితం మీద ఫోర్ బై ఫోరే, మంచులో మాత్రం బొమ్మలా నిలబడుతుంది. కొత్త బండ్లలో తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టి రెండోదానికి బలం పంపే ఏర్పాటు ఉంటుంది. అది బాగానే పనిచేస్తుంది కానీ లోతైన మంచులో కొన్నిసార్లు ఇంజన్ పవర్‌నే కోసేస్తుంది. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ఆఫ్ చేసి చూడాలి.

అపోహ: టైరు మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంది, కాబట్టి చలికాలం టైరే.

వాస్తవం: కాదు. ఆ అక్షరాలు గాడుల తీరు గురించి కంపెనీ చెప్పుకునే మాట మాత్రమే. మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకు మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు గుర్తు ఉంటుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కంటే దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడటం మొదలవుతుంది. గాడులు ఎంత లోతుగా ఉన్నా గట్టిపడిన రబ్బరు పట్టుకోదు.

అపోహ: ఇంకాస్త గట్టిగా తొక్కితే బయటపడుతుంది.

వాస్తవం: నేను ఈ పనిలోకి రాకముందు మొదటి చలికాలంలోనే ఈ పాఠం నేర్చుకున్నాను. వెనక చక్రం చిన్నగా జారింది. తొక్కాను. ఇంకా తొక్కాను. పది నిమిషాల్లో బండి పొట్ట మంచు మీద కూర్చుంది, చక్రాలు నేల విడిచి సాము చేస్తున్నాయి. తిరిగే టైరు రాపిడికి వేడెక్కి కింది మంచును కరిగిస్తుంది, ఆ నీళ్లు చలికి వెంటనే గడ్డకట్టి గోతి అడుగున అద్దంలాంటి ఐసు పొర పడుతుంది. అంటే ప్రతి తొక్కుకీ గొయ్యి లోతవుతుంది, జారుడూ పెరుగుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

చక్రం రెండు చుట్లు ఒట్టిగా తిరిగి బండి కదల్లేదంటే కాలు తీసేయాలి. బండి వచ్చిన దారిలో అప్పటికే మంచు తొక్కుడు పడి ఉంటుంది కాబట్టి అదే గాడిలో మెల్లగా వెనక్కి రావడానికి చూడాలి. చాలామంది బయటపడితే ముందుకే పడాలి అన్నట్టు మొండికేస్తారు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. వెనక్కి వస్తే దారి తెలిసినదే కదా. కాస్త వెనక్కి, కాస్త ముందుకి మెల్లగా ఊపుతూ గాడిని పొడిగించుకోవడం మంచి పద్ధతే, అయితే ప్రతిసారీ చక్రం జారకముందే ఆపాలి.

అదీ కుదరకపోతే దిగి పార తీయాలి. వించ్ (బండికి బిగించిన, తాడును డ్రమ్ముకు చుట్టి లాగే యంత్రం) ఉన్నవాళ్లు సహా అందరూ. మొదట చక్రాల ముందు కాదు, బండి పొట్ట కింద తవ్వాలి. చాసిస్, ఇరుసులు మంచు మీద ఆనుకుని ఉన్నంతసేపు బండి బరువు టైర్ల మీద పడదు, బరువు పడని టైరుకు పట్టు ఉండదు. పొట్ట కింద ఖాళీ చేశాక గోతి అడుగున ఉన్న ఐసును పార అంచుతో గరుకుగా కొట్టి, ముందు వాలుగా ఒక దారి చెక్కాలి. నాకు వచ్చిన పిలుపుల్లో సగానికి పైగా ఇంతటితోనే అయిపోతాయి. తాడు బయటికి తీయాల్సిన పని కూడా ఉండదు, దాంతో బండివాళ్లు కాస్త నిరాశపడతారు కూడా.

ట్రాక్షన్ బోర్డులు, అంటే పట్టు కోసం చక్రం కింద పెట్టే పళ్లున్న పలకలు, ఉంటే మంచిదే. వాటిని టైరుకు ఆనించి లోపలికంటా దూర్చాలి, చక్రం వాటి మీదికి మెల్లగా ఎక్కాలి. వాటి మీద చక్రాన్ని గిర్రున తిప్పితే పళ్లు కరిగిపోతాయి. ప్రతి బోర్డుకూ రంగు తాడు ఒకటి కట్టి పెట్టుకోండి. బండి ఎక్కి వెళ్లిపోయాక బోర్డు మంచులో కూరుకుపోతుంది, వెతుక్కోవడం నరకం.

అపోహ: మంచులో టైర్ల గాలి నిండుగా ఉండాలి.

వాస్తవం: తారు రోడ్డు మీద సరే. లోతైన మెత్తటి మంచులో గాలి తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకునే పొడవు పెరుగుతుంది, మంచును కోసుకుని దిగే బదులు దాని మీద నడుస్తుంది. 32-35 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును నేను ముందు 20కి, చాలకపోతే 15కి దించుతాను. మామూలు రిమ్ముతో 12 కంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద తిరిగే బండ్లు 5 కంటే తక్కువకు కూడా దించుతాయి కానీ అవి 38 అంగుళాలకు పైబడిన టైర్లు, ఆ పనికే తయారుచేసుకున్నవి. వాటిని చూసి మన టైర్లకు వాత పెట్టుకోకూడదు. గాలి తగ్గించాక వేగం 30-40 దాటొద్దు, పదునైన స్టీరింగ్ తిప్పుళ్లు వద్దు, కంప్రెషర్ లేకుండా అసలు తగ్గించొద్దు. చలికి గాలి దానంతట అదే తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఉష్ణోగ్రత 5-6 డిగ్రీలు పడితే సుమారు ఒక పీఎస్ఐ పోతుంది.

అపోహ: మంచులో పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులు డిక్కీలో ఉన్నాయి, దిగబడ్డాక వేసుకోవచ్చు.

వాస్తవం: మోకాలి లోతు మంచులో, మొద్దుబారిన వేళ్లతో, సగం కూరుకుపోయిన చక్రానికి గొలుసు ఎక్కించి చూడండి, తెలుస్తుంది. ఎక్కుడు మొదలవ్వక ముందే, సమంగా ఉన్న చోట వేసుకోవాలి. వేశాక వంద మీటర్లు పోయి ఆగి మళ్లీ బిగించాలి. ఒక్క జతే ఉంటే ముందుకా వెనక్కా అన్నది బండి మాన్యువల్ చెప్పినట్టు చేయాలి, ఎందుకంటే కొన్ని బండ్లలో ముందు చక్రం పక్కన గొలుసుకు ఖాళీ ఉండదు.

అపోహ: తాడు ఏదైనా తాడే, ఎక్కడ తగిలించినా లాగుతుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం మనుషుల ప్రాణాలు తీసింది.

సాగే తాడు వేరు, సాగని తాడు వేరు. నైలాన్‌తో చేసిన కైనెటిక్ తాడు 30 శాతం దాకా సాగుతుంది. లాగే బండి చిన్న ఊపుతో కదిలితే ఆ ఊపు తాడులో నిలవై, మెల్లగా దిగబడిన బండికి చేరుతుంది. ఇనప గొలుసు, పాలియెస్టర్ పట్టీ సాగవు. వాటితో ఊపుగా లాగితే బలమంతా ఒక్క క్షణంలో కొక్కెం మీద పడుతుంది, ఏదో ఒకటి తెగుతుంది. సాగని పట్టీతో లాగాల్సి వస్తే ముందు బిగుతుగా తెచ్చుకుని తర్వాత మెల్లగా లాగాలి, అంతే.

తగిలించే చోటు ఇంకా ముఖ్యం. ట్రెయిలర్ తగిలించే గుండు, టో బాల్, స్థిరమైన లాగుడుకు చేసినది. ఊపుతో లాగితే అది విరిగి తుపాకీ గుండులా తాడుతో పాటు ఎగురుతుంది. దానివల్ల చనిపోయినవాళ్లు ఉన్నారు. బంపర్ కింద కనిపించే చిన్న ఇనప కన్నాలు చాలావరకు బండిని ఓడలోనో లారీలోనో కట్టడానికి పెట్టినవి, వాటికీ తగిలించకూడదు. చాసిస్‌కు బోల్టులతో బిగించిన, ఎంత బరువు లాగినా తట్టుకుంటుందో లెక్క ఉన్న రికవరీ పాయింటే వాడాలి. ఒకసారి నేను వెళ్లేసరికి ఎవరో సాయానికి వచ్చినవాళ్లు అప్పటికే ఒక ప్రయత్నం చేసి ఉన్నారు. కొక్కెం ఊడి వెనక అద్దం లోంచి దూరి ముందు సీటు వీపులో దిగబడి ఉంది. సీట్లో ఎవరూ లేరు. అయినా నా చేతుల వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది.

తాడు బిగిసిందంటే, దాని పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఎవరూ ఉండకూడదు. డ్రైవర్లిద్దరూ తప్ప. ఫోనులో వీడియో తీసేవాళ్లకు మరీ ముఖ్యంగా చెప్పాలి, దగ్గర్నుంచి బాగా వస్తుందని వాళ్లే ముందుకొస్తారు.

అపోహ: నాలుగు టన్నుల వించ్ నాలుగు టన్నులూ లాగుతుంది.

వాస్తవం: ఆ లెక్క డ్రమ్ము మీద మొదటి వరుస తాడు మాత్రమే మిగిలినప్పటిది. డ్రమ్ము నిండా తాడు చుట్టి ఉంటే లాగే బలం మూడో వంతో, అంతకు మించో తగ్గుతుంది. కప్పీ ఒకటి పెట్టి తాడును మడిచి లాగితే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది, పైగా డ్రమ్ము నుంచి తాడు ఎక్కువ బయటికొస్తుంది. చుట్టూ చెట్టు లేకపోతే? అడ్డంగా లోతైన కందకం తవ్వి స్టెప్నీని అందులో పాతి, పట్టీ కట్టి, పైన మంచు కప్పి బాగా తొక్కాలి. వెంటనే లాగొద్దు. తొక్కిన మంచు పావుగంటలో అతుక్కుని గట్టిపడుతుంది.

అపోహ: పక్కకు జారిన బండినైనా ముందుకు లాగితే చాలు.

వాస్తవం: పక్కవాలు ఉన్న దారిలో ఇది చాలా ప్రమాదం. టైరుకున్న పట్టు ఒక్కటే. దాన్ని ముందుకు తిరగడానికి ఖర్చు చేస్తే, పక్కకు జారకుండా పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే వాలులో నిలకడగా ఉన్న బండి యాక్సిలరేటర్ తొక్కగానే కాలువలోకి జారుతుంది. ముందు ఎగువ వైపు చెట్టుకు ఇంకో తాడు కట్టి బండి పక్కకు పోకుండా పట్టాలి, ఆ తర్వాతే లాగుడు. దారి పక్కన మంచు దిబ్బను గట్టి అంచు అనుకుని దాని మీదికి చక్రం ఎక్కించడమూ ఇలాంటి పొరపాటే. ఆ దిబ్బ కింద కాలువ ఉంటుంది. సాయానికి వచ్చిన బండి కూడా అదే అంచున జారి, రెండింటినీ తీయాల్సి వచ్చిన రోజులున్నాయి.

చిన్నవి కొన్ని. చక్రం కింద వేడినీళ్లు పోస్తే కాసేపట్లో ఐసు రింకు తయారవుతుంది. కాళ్ల కింది మ్యాట్లు టైరు కింద పెడితే చాలాసార్లు వెనక నిలబడినవాళ్ల మొహాన కొడతాయి, ఇసుక మేలు. ఏబీఎస్ ఉంటే మంచులో త్వరగా ఆగుతుందనుకోవద్దు, వదులు మంచులో ఆగే దూరం పెరగొచ్చు కూడా. అది స్టీరింగ్ మీ మాట వినేలా చూస్తుంది, దాని పని అదే.

అపోహ: ఎవరూ రాకపోతే హీటర్ వేసుకుని కూర్చుంటే సరి.

వాస్తవం: సైలెన్సర్ గొట్టం మంచులో పూడి ఉంటే పొగ బండి కిందే చేరి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, నిద్రమత్తు వస్తాయి, అలసట అనుకుంటారు. ఇంజన్ వేసే ప్రతిసారీ దిగి గొట్టం చుట్టూ మంచు తీయాలి. గంటకు పది నిమిషాలు వేస్తే చాలు, ఆ సమయంలో గాలి తగలని వైపు కిటికీ కొద్దిగా దించి ఉంచాలి. బండి వదిలి నడిచిపోవడం కంటే బండిలో ఉండటమే మేలు. మనిషి కంటే బండి తేలిగ్గా కనిపిస్తుంది.

అపోహ: బండి బయటికొచ్చాక పని అయిపోయింది.

వాస్తవం: టైర్లలో గాలి నింపకుండా రోడ్డెక్కకూడదు. రిమ్ముల లోపల ఒకవైపు మంచు గట్టిపడి ఉంటే వేగం పెరగ్గానే స్టీరింగ్ గడగడ వణుకుతుంది. మెకానిక్ దగ్గరికి పరిగెత్తే ముందు కర్రతో ఆ మంచు రాల్చి చూడండి. బ్రేకులు తడిసి ఉంటాయి కాబట్టి మెల్లగా పోతూ నాలుగైదుసార్లు తేలిగ్గా నొక్కి ఆరబెట్టాలి. ఆ రాత్రి హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, గేర్‌లో పెట్టి చక్రాలకు అడ్డు పెట్టండి. పోయిన చలికాలం నాలుగు గంటలు కష్టపడి ఒకాయన బండి తీశాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. "సార్, ఇంటి ముందే ఉంది, కదలడం లేదు." హ్యాండ్‌బ్రేక్ గడ్డకట్టుకుపోయింది.