శివారులో ఎవరుండాలో తేల్చిన టికెట్టు, అప్పు

ఒక శివారు కాలనీ జనాభా లెక్క తీస్తే ఉద్యోగులు ఇంతమంది, కూలీలు ఇంతమంది, వ్యాపారులు ఇంతమంది అని ఉంటుంది. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు ఇల్లు చూసుకున్నారులే అనుకుని పేజీ తిప్పేస్తాం. అది సగం నిజమే. మిగతా సగం టికెట్టు, అప్పు లాంటివి తేల్చినది.

1864లో లండన్ నడిబొడ్డుకు లైను వేస్తామని గ్రేట్ ఈస్టర్న్ రైల్వే పార్లమెంటును అనుమతి అడిగింది. దానికోసం పేదల ఇళ్లు కూల్చాలి. అందుకు బదులుగా లండన్ శివార్లైన ఎడ్మంటన్, వాల్థమ్‌స్టో నుంచి కార్మికులకు చవక రైలు నడపాలని చట్టంలోనే షరతు పెట్టారు. రానూపోనూ రెండు పెన్నీలు. ఆ టికెట్టు దొరికే దిక్కున కార్మికుల ఇళ్లు వరసలు వరసలుగా లేచాయి. అయితే అది తెల్లవారుజాము రైళ్లకే చెల్లేది. పని ఆలస్యంగా మొదలయ్యేవాళ్లు కూడా ఆ రైలే పట్టుకుని, నగరంలో దిగి, షాపు తలుపు తీసేదాకా ఎదురుచూడాల్సిందే.

అమెరికాలో ఎవరెక్కడ ఉండాలో తేల్చే పని ఇంటి అప్పు చేతిలో పడింది. 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నగరాలను వాడవాడగా విడగొట్టి, అప్పు ఇవ్వడానికి మంచివాటి నుంచి ప్రమాదకరమైనవాటి దాకా వరసగా ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసింది. ఒక్కో వాడకు ఒక ఫారం. నివాసుల వృత్తి ఏమిటి, ఆదాయమెంత, విదేశాల్లో పుట్టినవాళ్లెందరు, నల్లజాతివాళ్లెందరు అని అందులో గడులు. అంటే మనం ఇవాళ మామూలు సమాచారం అనుకునే పట్టికే అప్పట్లో తీర్పు కాగితం. 1934లో వచ్చిన మరో ప్రభుత్వ సంస్థ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా జాతి చూసే గృహరుణాలకు హామీ ఇచ్చింది.

1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ మొదలైంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాలకు చవకగా 17,000కు పైగా ఇళ్లు కట్టారు. మొదట్లో ఇచ్చిన అద్దె ఒప్పందంలో, తెల్లజాతివారు కానివాళ్లు ఆ ఇంట్లో ఉండకూడదని ఒక నిబంధన ఉండేది. దానికి ఒకే మినహాయింపు, ఇంటి పనివాళ్లు. ఈ వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఇంట్లో అంట్లు తోమడానికి లేని అడ్డు, ఆ ఇల్లు అద్దెకు తీసుకోవడానికి వచ్చింది.

అలాంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధిస్తూ 1968లో చట్టమూ వచ్చింది. కానీ అప్పటికి ఇరవై ఏళ్లుగా ఇళ్ల విలువ పెరుగుతూనే ఉంది. ఆ ఆస్తి పిల్లల చదువుకూ, తర్వాతి ఇంటికీ పెట్టుబడి అయింది. మొదట్లో గేటు బయట ఆగిపోయినవాళ్లకు ఆ మెట్టే దొరకలేదు.

నివాసుల లెక్కలు సాధారణంగా మనిషి ఎక్కడ కాపురం ఉంటాడో చూస్తాయి. పొద్దున్నే వచ్చి పిల్లల్ని చూసుకుని, గేటు దగ్గర కాపలా కాసి, చీకటిపడ్డాక వెళ్లిపోయేవాళ్లు ఆ కాలనీ వృత్తుల పట్టికలో కనిపించరు. వాళ్లను కలపకుండా ఫలానా శివారులో అంతా ఉద్యోగులే అని రాస్తే, ఆ పాత ఒప్పందంలోని లెక్కనే మళ్లీ రాసినట్టు.