అల్సాస్ వైన్ రూట్: అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్ అనగానే పారిస్, ఈఫిల్ టవర్, డిస్నీల్యాండ్. అక్కడి నుంచి నేరుగా స్విట్జర్లాండ్. మనవాళ్ల యూరప్ ప్యాకేజీల్లో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తాయి. తెలుగు కుటుంబాలకు యూరప్ ప్రయాణాలు ప్లాన్ చేసి, చిన్న గ్రూపులను వెంటబెట్టుకుని తిప్పడం నా పని. పారిస్‌కూ స్విట్జర్లాండ్‌కూ మధ్య, దాదాపు దారిలోనే ఉన్న అల్సాస్‌ను చేర్చుదామని నేను అన్నప్పుడల్లా అవే సందేహాలు వస్తుంటాయి. కొన్ని సబబైనవే. చాలావరకు మాత్రం రీల్స్ చూసో, ఎవరో చెప్పింది వినో ఏర్పడినవి.

తెలియనివాళ్ల కోసం: అల్సాస్ అంటే ఫ్రాన్స్ తూర్పు అంచున, వోజ్ కొండలకూ రైన్ నదికీ మధ్య ఉన్న సన్నటి ప్రాంతం. ఉత్తరాన మార్లెన్‌హైమ్ నుంచి దక్షిణాన టాన్ దాకా, కొండల దిగువన ద్రాక్షతోటలను ఒరుసుకుంటూ సుమారు 170 కిలోమీటర్ల వైన్ రూట్ సాగుతుంది. దీన్ని 1953లో ప్రారంభించారు.

అపోహ: "మా నాన్నగారు మందు ముట్టరు. అమ్మకు ఆ వాసనే పడదు. వైన్ ఊళ్లకు వెళ్లి మేమేం చేస్తామండీ?"

వాస్తవం: నేను ఎక్కువసార్లు వినే మాట ఇదే. అల్సాస్‌లో ఒక్క చుక్క ముట్టకుండా నాలుగు రోజులు హాయిగా గడపొచ్చు. వైన్ వ్యాపారం తెచ్చిన డబ్బుతో వెలసిన ఊళ్లు అవి. మనం చూసేది ఆ డబ్బు కట్టించిన ఇళ్లను, చర్చిలను, కళను.

స్ట్రాస్‌బర్గ్ కెథెడ్రల్‌తో మొదలుపెడదాం. దాని శిఖరం 142 మీటర్లు. 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం ఇదే. లోపల ఖగోళ గడియారం ఉంది. ఇప్పుడున్న యంత్రాంగాన్ని 1838 - 1843 మధ్య ష్విల్గే అనే నిపుణుడు తయారుచేశాడు. అది స్థానిక సౌర సమయం ప్రకారం నడుస్తుంది కాబట్టి మన చేతి గడియారంలో 12:30 అయినప్పుడు దానికి మధ్యాహ్నం పన్నెండు. సరిగ్గా అప్పుడే క్రీస్తు ముందు నుంచి పన్నెండుమంది అపొస్తలులు వరుసగా సాగుతారు, పైనున్న కోడిపుంజు కూస్తుంది. దీనికి టికెట్ విడిగా ఉంటుంది, ముందే లోపలికి చేరాలి. "పన్నెండున్నరకు వెళ్దాంలే" అనుకుంటే తలుపు బయటే నిలబడాలి. మోకాళ్లు సహకరించేవాళ్లు మూడు వందలకు పైగా మెట్లెక్కితే 66 మీటర్ల ఎత్తులోని వేదిక నుంచి ఊరంతా చూడొచ్చు. సహకరించనివాళ్లు కింద కాఫీ తాగుతూ గోడల మీది శిల్పాలు చూసుకోవచ్చు, నష్టమేమీ లేదు.

కోల్మార్‌లో ఉంటర్‌లిండెన్ మ్యూజియం ఒక్కటే చాలు, ఆ ఊరికి వెళ్లినందుకు. అందులోని ఇసెన్‌హైమ్ వేదికచిత్రాన్ని (చర్చిలో బలిపీఠం దగ్గర నిలబెట్టే చిత్రం) 1512 - 1516 మధ్య గ్రునేవాల్డ్ గీశాడు. శిలువ మీది క్రీస్తు ఒళ్లంతా పుండ్లతో, వంకరలు పోయిన వేళ్లతో ఉంటాడు. చూడగానే కొందరు జడుసుకుంటారు. ఆ చిత్రం ఎవరి కోసం గీశారో తెలిస్తే చూపు మారిపోతుంది. రై ధాన్యానికి పట్టే ఒక శిలీంధ్రం వల్ల ఆ రోజుల్లో ఒళ్లంతా మంటలు పుట్టి, కాళ్లూ చేతులూ కుళ్లిపోయే జబ్బు వచ్చేది. ఇసెన్‌హైమ్ మఠంలోని సన్యాసులు ఆ రోగులకు సేవ చేసేవాళ్లు. తమలాగే బాధపడుతున్న దేవుణ్ని రోగులు ఈ చిత్రంలో చూసుకున్నారు. ఇది చెప్పాక ఆ హాల్లో ఫోన్లు జేబుల్లోకి వెళ్లడం నేను గమనించాను. మంగళవారం మ్యూజియం మూసి ఉంటుంది, ప్లాన్ వేసుకునేటప్పుడు మొదట చూసుకోవాల్సింది అదే.

న్యూయార్క్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ శిల్పి బార్తోల్డి పుట్టింది కూడా కోల్మార్‌లోనే, 1834లో. ఊరి ఉత్తరం వైపు రౌండ్‌అబౌట్‌లో 12 మీటర్ల నమూనా నిలబెట్టారు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు అక్కడ ఫోటో దిగి వెంటనే వాట్సాప్‌లో పెడతారు. నా మటుకు నాకు ఆ విగ్రహం కంటే ఆయన పుట్టిన ఇంట్లోని మ్యూజియమే మేలు.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు మ్యులూజ్ నగరం. ష్లుంఫ్ సోదరులని ఇద్దరు బట్టల మిల్లు యజమానులు గుట్టుగా వందల కార్లు కూడబెట్టారు. మిల్లు దివాలా తీసింది. 1977లో కార్మికులు లోపలికి వెళ్లి చూస్తే ఆ కార్ల బండారం బయటపడింది. ఆ సేకరణే ఇప్పుడు మ్యూజియం. నాలుగు వందలకు పైగా కార్లు, అందులో వందకు పైగా బుగాట్టీలు. బుగాట్టి కంపెనీ పుట్టిల్లు మోల్స్‌హైమ్ కూడా ఈ అల్సాస్‌లోదే.

అపోహ: అది అసలు ఫ్రాన్సే కాదు, జర్మనీ.

వాస్తవం: 1871లో జర్మనీ తీసుకుంది, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కు వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీ కలుపుకుంది, యుద్ధం చివర్లో తిరిగి ఫ్రాన్స్. నాలుగుసార్లు జెండా మారిన చోట ఊళ్ల పేర్లు జర్మన్‌లాగా, మాట ఫ్రెంచ్‌లాగా ఉండటంలో వింతేముంది? ఫ్రాన్స్‌లో మిగతా చోట్ల రైళ్లు ఎడమ పట్టాల మీద నడుస్తాయి, ఇక్కడ మాత్రం కుడి వైపు. మిగతా ఫ్రాన్స్‌లో లేని గుడ్ ఫ్రైడే, డిసెంబర్ 26 సెలవులు ఇక్కడున్నాయి. ఆ రోజుల్లో షాపింగ్ పెట్టుకోకండి. ఆదివారాలు కూడా అంతే. ఓ-కోనిగ్స్‌బర్గ్ కోట చూస్తే ఈ చరిత్ర కళ్లకు కడుతుంది. 1633లో స్వీడన్ సేనలు కాల్చేసిన మధ్యయుగపు కోటను 1900 - 1908 మధ్య జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ తిరిగి కట్టించాడు, ఈ నేల మాదేనని చాటడానికి. పదేళ్లు తిరగ్గానే అది ఫ్రాన్స్ చేతికి వచ్చింది.

అపోహ: పారిస్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. ఒక్కరోజులో ఐదారు ఊళ్లు.

వాస్తవం: రైలు వరకు నిజమే. టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు గంటా యాభై నిమిషాలు కూడా పట్టదు. కోల్మార్‌కు రెండున్నర గంటల లోపే. చిక్కు ఆ తర్వాతే. వైన్ రూట్ మీది చాలా ఊళ్లకు రైలు లేదు. కోల్మార్ నుంచి బస్సులున్నాయి కానీ మన సిటీ బస్సుల్లా పది నిమిషాలకొకటి రాదు. ఆదివారం ఇంకా తక్కువ.

పైగా ఐదారు ఊళ్లు ఎందుకు చెప్పండి? రిక్విర్, ఎగిషైమ్, కైసర్స్‌బర్గ్, రిబోవిలె... అన్నింటిలో అవే కర్రచట్రాల రంగుల ఇళ్లు, అవే కిటికీల్లో జెరేనియం పూలు. మూడో ఊరికి వచ్చేసరికి ఏ ఫోటో ఏ ఊరిదో గుర్తుండదు. రెండే ఎంచుకోండి. నన్నడిగితే ఎగిషైమ్ ఒకటి, అక్కడ వీధులు కోట చుట్టూ గుండ్రంగా తిరుగుతాయి, నడిచి నడిచి మొదలైన చోటికే వస్తారు. రెండోది కైసర్స్‌బర్గ్. నోబెల్ శాంతి బహుమతి పొందిన వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టిన ఊరు, పక్కనే వాగు, పైన శిథిల కోట. రిక్విర్ అందమైనదే, కాదనను. కానీ పదకొండు నుంచి నాలుగు వరకు ఆ ఒక్క వీధిలో జనం భుజాలు తగులుతుంటాయి. పొద్దున తొమ్మిదింటికి వెళ్లగలిగితేనే వెళ్లండి.

కారు లేనివాళ్లకు ట్యుర్క్‌హైమ్ చెబుతాను. కోల్మార్ నుంచి చిన్న రైల్లో చేరిపోవచ్చు. వేసవి రాత్రి పదింటికి అక్కడ కాపలావాడు లాంతరు, బల్లెం పట్టుకుని పాట పాడుతూ వీధులు తిరుగుతాడు. పాత ఆచారం. పిల్లలు అతని వెనకే నడుస్తారు. ఇది చూడాలంటే ఆ రాత్రి అక్కడో కోల్మార్‌లోనో ఉండాలి, పారిస్ రైలు పట్టుకుంటే కుదరదు.

అపోహ: వైన్ టేస్టింగ్ అంటే ఫ్రీగా ఎన్ని గ్లాసులైనా తాగొచ్చు.

వాస్తవం: అక్కడ వైన్ తయారీదారుల్లో చాలామంది కుటుంబాలుగా నడుపుకునేవాళ్లు. మీరు తలుపు తట్టినప్పుడు వచ్చేది సేల్స్ మనిషి కాకపోవచ్చు, ట్రాక్టర్ దిగి చేతులు కడుక్కుని వచ్చిన యజమానే కావచ్చు. కొన్నిచోట్ల డబ్బు తీసుకుంటారు, కొన్నిచోట్ల కొంటే తీసుకోరు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా భోజన విరామం. ముందు ఫోన్ చేసి వెళ్లడం మర్యాద. ఎనిమిదిమంది గ్రూపు చెప్పాపెట్టకుండా దిగితే మొహం మాడ్చుకుంటారు, వాళ్ల తప్పు కాదు.

గ్లాసులో పోసేది రెండు గుక్కలే. అదైనా మింగాలని లేదు. నోట్లో తిప్పి పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. మనవాళ్లకు ఇది మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, "అంత ఖరీదైనది ఉమ్మేస్తారా?" అంటారు. ఆరేడు రకాలు చూడాల్సినవాళ్లు ఉమ్మకపోతే నాలుగో రకానికే నాలుక మొద్దుబారుతుంది. తాగనివాళ్లుంటే ద్రాక్షరసం ఉందేమో అడగండి, చాలాచోట్ల ఉంటుంది.

డ్రైవింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఫ్రాన్స్‌లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్, కొత్త లైసెన్స్ వాళ్లకు 0.2. సైకిల్ తొక్కేవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. "నేను కంట్రోల్‌లోనే ఉంటా" అనే బావగారు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. ఆయన చేతికి తాళాలు ఇవ్వకండి.

అపోహ: అల్సాస్ వైన్ అంతా తియ్యగా ఉంటుంది.

వాస్తవం: పొడవాటి సన్నటి సీసా చూసి అలా అనుకుంటారు. రీస్లింగ్, సిల్వానర్ అనే ద్రాక్షల వైన్లు ఎక్కువగా పుల్లగా, తీపి లేకుండా ఉంటాయి. గులాబీ, లీచీ వాసనలతో గుప్పుమనే గెవుర్జ్‌ట్రామినర్‌లో తరచూ కొంత తీపి ఉంటుంది. 2021 పంట నుంచి లేబుల్ మీద తీపి స్థాయి రాయడం తప్పనిసరి చేశారు: 'సెక్' అంటే తీపి లేనిది, 'దెమి సెక్' కొంచెం, 'మొయెల్లో' ఎక్కువ, 'దూ' బాగా తీపి. మొదటిసారి రుచి చూసేవాళ్లు ముందు సెక్, చివర తియ్యనివి అడగండి. తిరగేస్తే రీస్లింగ్ చింతపులుసులా తోస్తుంది.

ఇక 'పాత వైన్ రుచి చూపిస్తారా' అనేవాళ్లకు స్ట్రాస్‌బర్గ్ ఆసుపత్రి కింది సెల్లార్ చూపిస్తాను. అవును, ఆసుపత్రి కిందే. 1395 నాటిది. ఆ రోజుల్లో జనం ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చేవాళ్లు, ఆ పంట ఈ పీపాల్లోకి చేరేది. ఒక పీపాలో 1472 నాటి వైట్ వైన్ ఇప్పటికీ ఉంది. చరిత్రలో దాన్ని పోసింది మూడేసార్లు. 1576లో జూరిక్ నుంచి కొందరు పెద్ద కుండ నిండా వేడి జావ పడవలో పెట్టుకుని ఒక్కరోజులో వచ్చారు. ఆపద వస్తే జావ చల్లారేలోపే సాయానికి చేరగలమని నిరూపించడానికి. వాళ్లకు పోశారు. 1718లో, కాలిపోయిన ఆసుపత్రిని తిరిగి కట్టేటప్పుడు రెండోసారి. 1944లో స్ట్రాస్‌బర్గ్‌ను విడిపించిన జనరల్ లెక్లేర్‌కు మూడోసారి. మన వంతు రాదు, పీపా చూసి రావడమే.

అపోహ: సెప్టెంబర్‌లో వెళ్తే మనమే ద్రాక్ష కోసి, కాళ్లతో తొక్కొచ్చు.

వాస్తవం: తొక్కడం సినిమాల్లోనే. పిండటానికి ప్రెస్ యంత్రాలున్నాయి. కోత కూడా ఎవరు పడితే వాళ్లు చేసేది కాదు. ఫ్రాన్స్‌లో కార్మిక చట్టాలు గట్టివి, ఊరికే సాయం చేసినా చాటుమాటు కూలీ కింద లెక్కేస్తారేమోనని రైతుకు టెన్షన్. కొందరు పర్యాటకుల కోసం పూట కోత ఏర్పాటు చేస్తారు, అది ముందే బుక్ చేసుకోవాలి. చెప్పకుండా తోటలోకి దిగి గుత్తి తెంపితే అది దొంగతనమే. కోతల రోజుల్లో రైతులకు మాట్లాడే తీరిక ఉండదు, కొన్ని తోటల దారులు మూసేస్తారు కూడా. తోటలు చూడటానికి నాకు అక్టోబర్ రెండు, మూడు వారాలు ఇష్టం. కోత చాలావరకు అయిపోయి ఆకులు పసుపెక్కుతాయి.

అపోహ: అల్సాస్ అంటే డిసెంబరే.

వాస్తవం: స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్ 1570 నాటిది, పేరుకు తగ్గట్టే ఉంటుంది. హోటల్ ధరలు, జనం కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటాయి. పైగా మన పిల్లల సెలవులు మొదలై విమానం దిగేసరికి అది సర్దేస్తుంటారు, క్రిస్మస్‌కు కాస్త అటూఇటూగా ముగుస్తుంది. తోటలు అప్పుడు మోడుకట్టెలు. మార్కెట్ కోసమే అయితే నవంబర్ చివరి వారంలో, శని ఆదివారాలు తప్పించి వెళ్లండి. లేదంటే మే నెల. చలి, వాన భయం అంతగా వద్దు. మేఘాలను వోజ్ కొండలు అడ్డుకోవడంతో ఫ్రాన్స్‌లో తక్కువ వాన పడే ఊళ్లలో కోల్మార్ ఒకటి.

అపోహ: శాకాహారులు బ్రెడ్డు తిని బతకాలి.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. ఇక్కడి వంటలో పంది మాంసం చొరబడని చోటు తక్కువ. షూక్రూత్ అనే పులిసిన క్యాబేజీ చూడటానికి కూరలా ఉన్నా పంది కొవ్వుతో వండి ఉండొచ్చు. తిండి దొరికేది టార్ట్ ఫ్లాంబే దగ్గర. పల్చటి రొట్టె మీద క్రీము, ఉల్లిపాయ వేసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మామూలుగా పంది ముక్కలు కూడా చల్లుతారు, 'సాన్ లార్దోన్' అంటే అవి లేకుండా ఇస్తారు. పుట్టగొడుగులతో చేయమన్నా అదే మాట మళ్లీ చెప్పండి. కూగెల్‌హోఫ్ కేకులో గుడ్డు, తరచూ కిర్ష్ మద్యంలో నానిన ఎండుద్రాక్ష ఉంటాయి. మున్‌స్టర్ చీజ్ వాసనకు హోటల్ గది ఫ్రిజ్ మూడు రోజులు కోలుకోదు. పెద్దవాళ్లుంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమంటాను. బియ్యం అక్కడ దొరుకుతుంది, కందిపొడీ ఆవకాయా మీరు తెచ్చుకోవాలి. రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తాయి, మనవాళ్ల మూడు గంటల భోజనం అక్కడ నడవదు.

అపోహ: సీసాలు ఎన్నైనా తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ఇండియాలోకి మనిషికి రెండు లీటర్ల వరకే కస్టమ్స్ సుంకం ఉండదు. అంటే మామూలు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. క్యాబిన్ బ్యాగులో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గరే వదిలేయాలి. అల్సాస్ సీసా మెడ పొడుగు, సూట్‌కేసులో అడ్డంగా సరిపోతుందో లేదో కొనే ముందే కొలిచి చూసుకోండి.