"మొక్కే కదమ్మా" అంటున్నాడు

మా వీధి చివరింటావిడ మొన్న సాయంత్రం వచ్చి కూర్చున్నారు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. బట్టలు నానబెడుతుంటే ప్యాంటు జేబులో చిన్న ప్లాస్టిక్ పొట్లం దొరికిందట. అందులో ఎండిన గంజాయి ఆకు, నాలుగు గింజలు. అడిగితే వాడేమీ దాచలేదు. "ఇది మొక్కే కదమ్మా, నాన్న తాగే మందు కంటే నయం" అన్నాడట. "నిజమేనా మాస్టారూ? మీరు బయాలజీ చెప్పారు కదా" అని ఆవిడ అడిగితే ఆ పూట కొంచెమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మొక్క అయినంత మాత్రాన మంచిదైపోదు. ఉమ్మెత్త కూడా మొక్కే. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గవోని శుద్ధ రూపంలో వేరుచేశారు. అది మెదడును ఎలా పట్టుకుంటుందో తెలియడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. నరకణాల మీద సీబీ1 అనే గ్రాహకాలు, అంటే రసాయన సందేశాలను అందుకునే ప్రొటీన్లు, ఉన్నాయి, టీహెచ్‌సీ వాటికే అతుక్కుంటుంది. మెదడు ఆ గ్రాహకాలను గంజాయి కోసం పెట్టుకోలేదు కదా, మరి దేనికోసం? 1992లో మెషూలమ్ బృందానికి జవాబు దొరికింది. మెదడు తనంతట తానే తయారుచేసుకునే ఒక పదార్థం కోసం. దానికి వాళ్లు ఆనందమైడ్ అని పేరు పెట్టారు. అందులోని 'ఆనంద' సంస్కృతం నుంచి వెళ్లిందే.

ఆనందమైడ్ కావలసిన చోట, కావలసిన క్షణాన పుడుతుంది. పని కాగానే విరిగిపోతుంది. ఒక నరకణం తనకు సందేశం పంపుతున్న కణంతో "ఇక చాలు, నెమ్మదించు" అని చేసే సైగ అది. టీహెచ్‌సీ అలా కాదు, మెదడంతా ఒకేసారి కమ్మేసి గంటల తరబడి వదలదు. అవసరం లేని చోట కూడా "చాలు, చాలు" అంటూనే ఉంటుంది.

ఇది ఏ వయసులో జరుగుతోందన్నదే అసలు ప్రశ్న. చేలో విత్తనం ఒత్తుగా పడితే మొలకలొచ్చాక రైతు ఒత్తు మొక్కలు పీకేస్తాడు. మిగిలినవి ఏపుగా పెరగాలంటే అది తప్పదు. టీనేజీలో మెదడు చేసే పని సరిగ్గా ఇలాంటిదే. చిన్నప్పుడు అవసరానికి మించి ఏర్పడిన నరాల కలయికల్లో వాడనివాటిని తీసేస్తుంది, వాడేవాటిని గట్టిపరుస్తుంది. ఈ పని అన్నిటికంటే ఆలస్యంగా సాగేది నుదుటి వెనక భాగంలో. ముందుచూపు, నిగ్రహం, 'ఇప్పుడు వద్దులే' అని ఆగగలగడం, అన్నీ అక్కడివే. ఆ పని పూర్తయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి. ఏది పీకాలో, ఏది ఉంచాలో తేల్చడంలో సీబీ1 వ్యవస్థకూ చెయ్యి ఉంది. పదిహేడేళ్ల కుర్రాడు దమ్ము కొట్టినప్పుడు ఆ పొగ చేరేది సరిగ్గా ఒత్తు మొక్కలు పీకుతున్న ఆ చేతుల మీదికే.

ఐరోపాలో అప్పటికి గంజాయి ముట్టని 799 మంది పిల్లలకు 14 ఏళ్లప్పుడు, మళ్లీ అయిదేళ్ల తర్వాత ఎమ్మారై తీశారు. 2021లో ఫలితాలొచ్చాయి. ఆ అయిదేళ్లలో ఎంత ఎక్కువగా గంజాయి తాగితే నుదుటి వెనక పొర అంత ఎక్కువగా పలచబడింది. ఆ వయసులో అది కొంత పలచబడడం మామూలే, వీళ్లలో అది మితిమీరింది. సీబీ1 గ్రాహకాలు దట్టంగా ఉన్న చోట్లకీ పలచబడ్డ చోట్లకీ పోలిక కుదిరింది. 14 ఏళ్లప్పటి స్కాన్లలో మాత్రం ఈ తేడా లేదు.

తెలివి తగ్గుతుందా? ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972, 73లలో పుట్టిన 1,037 మందిని 38 ఏళ్లు వచ్చేదాకా గమనించారు. టీనేజీలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలనివాళ్లకు ఐక్యూ సుమారు 8 పాయింట్లు తగ్గింది. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో అలాంటి తగ్గుదల కనపడలేదు. కానీ 2016లో అమెరికాలో కవలలను పోల్చి చూస్తే, తాగిన కవలకూ తాగని కవలకూ ఐక్యూలో తేడా రాలేదు. ఇంటి పరిస్థితుల ప్రభావాన్ని గంజాయి ఖాతాలో వేశామేమో అన్న అనుమానం న్యాయమైనదే. ఐక్యూ మాట చెప్పి పిల్లల్ని భయపెట్టడం నాకు ఇష్టం లేదు.

నాకు భయమేసేది మానసిక వ్యాధి దగ్గర. స్వీడన్‌లో 1969, 70లలో సైన్యంలోకి తీసుకున్న 45 వేలకు పైగా కుర్రాళ్లను పదిహేనేళ్ల పాటు గమనించారు. చేరేనాటికి 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించే, భ్రమలు కమ్ముకునే తీవ్ర మానసిక వ్యాధి) ఆరు రెట్లు ఎక్కువగా కనపడింది. తాగిన ప్రతివాడికీ వస్తుందని కాదు, చాలామందికి రాదు. కానీ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. 2019లో ఐరోపా, బ్రెజిల్‌లలో చేసిన పరిశీలనలో, టీహెచ్‌సీ 10 శాతానికి పైగా ఉన్న సరుకును రోజూ వాడేవాళ్లలో ఇలాంటి మానసిక వ్యాధుల ముప్పు దాదాపు అయిదు రెట్లు తేలింది. తాతల నాటి గంజాయితో పోల్చి ధైర్యపడేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగాలి. ఇప్పుడు మన దగ్గర పట్టుబడుతున్నది ఆకు ఒక్కటే కాదు. లిక్విడ్ గంజాయి అని పిలిచే హాష్ ఆయిల్ కూడా దొరుకుతోంది, అందులో టీహెచ్‌సీ ఆకులో కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటుంది.

ఇక ఆంఫెటమైన్, మెథ్ లాంటి ఉత్తేజక మత్తుమందులది వేరే దారి. ఇవి మెదడులో కోరికను నడిపే రసాయనమైన డోపమైన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సిసీలియా ఫ్లోరెస్ బృందం చుంచెలుకల్లో చూసిన సంగతి నన్ను వదలడం లేదు. యుక్తవయసులో డోపమైన్ నరాల తీగలు కొన్ని మెదడు లోతుల నుంచి నుదుటి వైపు ఇంకా పాకుతూనే ఉంటాయి. దారి చూపడానికి డీసీసీ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆ వయసులో మత్తు మోతాదులో ఆంఫెటమైన్ ఇస్తే డీసీసీ తగ్గిపోయింది, తీగల అల్లిక చెడింది. ఆ ఎలుకలు పెద్దయ్యాక తమను తాము ఆపుకోలేకపోయాయి. పెద్ద ఎలుకలకు అదే మోతాదు ఇస్తే ఇలా జరగలేదు. చికిత్సకు వాడే తక్కువ మోతాదులోనూ ఈ నష్టం కనపడలేదు. కాబట్టి ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య అయిన ఏడీహెచ్‌డీకి డాక్టర్ రాసిచ్చిన మాత్రలు ఈ వ్యాసం చదివి ఆపేయకండి. పరీక్షల టెన్షన్‌లో ఫ్రెండ్ జేబులోంచి తీసిచ్చే మాత్ర సంగతి మాత్రం వేరు.

ఆవిడకి ఆ సాయంత్రం ఈ ఎలుకల సంగతి చెప్పాక ఇంకొక్కటి చెప్పగలిగాను. అమెరికాలో గంజాయి అలవాటున్న 16 నుంచి 25 ఏళ్ల వాళ్లు 88 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరిని నెల రోజులు మానిపించారు, మిగతావాళ్లు ఎప్పటిలాగే తాగారు. మానినవాళ్లకు కొత్త మాటల జాబితాలు గుర్తుపెట్టుకునే శక్తి మెరుగైంది, అదీ ఎక్కువగా మొదటి వారంలోనే. ఏకాగ్రతలో మాత్రం తేడా రాలేదు.

"వారంలోనా?" అని రెండుసార్లు అడిగారు ఆవిడ. 14446కి ఫోన్ చేస్తే మత్తు మానిపించడానికి సలహా ఇస్తారని చెబితే నంబరు ఫోన్లో వేసుకున్నారు. నిన్న మళ్లీ కనపడ్డారు. ఎలుకల సంగతి వాడికి చెప్పారట. ఆదివారం పొద్దున వాడే వస్తాడట, ఎలుకలకి అలా ఎందుకు జరిగిందో నన్నే అడుగుతాడట.