వాల్జ్ సర్వీస్ మీద గొడవ: దీని మూలం 2004లో ఉంది

డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్ 2024 ఆగస్టు 6న టిమ్ వాల్జ్ ని వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిగా ప్రకటించిందో లేదో, మర్నాడే మిషిగన్ లో ట్రంప్ వైపు వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థి జేడీ వాన్స్, అదే మన ఉషా చిలుకూరి భర్త, మైకు ముందుకొచ్చి దేశం ఇరాక్ వెళ్లమంటే నేను వెళ్లాను, వాల్జ్ మాత్రం ఆర్మీ వదిలేసి తన యూనిట్ ని తను లేకుండా పంపించాడు అన్నాడు. ఇక అప్పుడు ఇదే చర్చ. వాల్జ్ 24 ఏళ్లు నేషనల్ గార్డ్ లో, అంటే మామూలు ఉద్యోగం చేసుకుంటూ పార్ట్ టైమ్ గా పనిచేసే సైన్యంలో, చేశాడు, వాన్స్ మెరైన్స్ లో చేశాడు, ఇవన్నీ అందరూ రాసేశారు కాబట్టి మళ్లీ ఎత్తుకోను.

నేను చెప్పాలనుకున్న పేరు వేరే. క్రిస్ లాసివిటా. 2024లో ట్రంప్ క్యాంపెయిన్ నడిపించిన ఇద్దరిలో ఒకడు. 2004లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీ తన యుద్ధ సర్వీస్ గురించి అబద్ధాలు చెప్పాడంటూ వియత్నాం మాజీ సైనికుల గ్రూప్ ఒకటి వేసిన స్విఫ్ట్ బోట్ యాడ్స్ వెనకున్న స్ట్రాటజిస్ట్ కూడా ఇతనే.

కెర్రీ విషయంలో కాగితాలన్నీ గట్టిగానే ఉన్నాయి. వియత్నాంలో నేవీ పడవ నడిపాడు, ధైర్యానికి సిల్వర్ స్టార్, బ్రాంజ్ స్టార్ మెడల్స్, గాయపడినందుకు మూడు పర్పుల్ హార్ట్ లు. 1969 మార్చి 13న పక్క పడవ కింద మైన్ పేలింది, ఆ గందరగోళంలో జిమ్ రాస్మన్ అనే సైనికుడు నదిలో పడిపోతే కెర్రీ దెబ్బతిన్న చేత్తోనే పైకి లాగాడు. రాస్మన్ రిపబ్లికన్, అయినా 2004లో తనే వచ్చి నా ప్రాణం కాపాడింది ఈయనే అని చెప్పాడు.

ఆ ఏడాది జులై 29న కెర్రీ సెల్యూట్ కొట్టి నామినేషన్ తీసుకుంటే, వారం తిరక్కుండానే మొదటి యాడ్ వచ్చింది, మూడు రాష్ట్రాల్లోనే. అందులో మాట్లాడిన వాళ్లలో దాదాపు ఎవరూ ఆయన పడవలో ఉన్నవాళ్లు కాదు, ఆయనతో పడవలో ఉన్నవాళ్లు ఒకరు తప్ప అందరూ ఆయన వైపే నిలబడ్డారు. లారీ థర్లో అనే ఆయన ఆ రోజు శత్రువుల కాల్పులే లేవన్నాడు, తీరా చూస్తే ఆయన సొంత మెడల్ కాగితంలోనే కాల్పులు జరిగాయని ఉంది. అది కెర్రీ రిపోర్ట్ చూసి రాసి ఉంటారన్నాడు. అప్పటికే యాడ్ ని టీవీ ఛానళ్లన్నీ ఉచితంగా మళ్లీ మళ్లీ వేసేశాయి. నిజానికి ఆ యాడ్ వేసినవాళ్ల కోపం మెడల్స్ మీద కాదు, 1971లో కెర్రీ సెనేట్ కమిటీ ముందు యుద్ధానికి వ్యతిరేకంగా ఇచ్చిన సాక్ష్యం మీద. కెర్రీ గట్టిగా తిరగబడింది ఆగస్టు 19న, రెండు వారాల తర్వాత. ఆ గ్రూప్ కి ఎలక్షన్ కమిషన్ 2,99,500 డాలర్ల ఫైన్ వేసింది, కానీ 2006 డిసెంబర్ లో, ఎన్నిక అయిపోయిన రెండేళ్లకి.

అవతలి వైపు కెర్రీ ప్రత్యర్థి బుష్ టెక్సస్ నేషనల్ గార్డ్ రికార్డ్ మీద కూడా అప్పుడే గొడవైంది, 1972లో మెడికల్ టెస్ట్ కి వెళ్లక ఆయన్ని ఫ్లైయింగ్ నుంచి ఆపేశారు, అది నిజమే. కానీ సీబీఎస్ టీవీ అసలైనవని నిరూపించలేని కాగితాలు చూపించి దొరికిపోవడంతో ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోయింది.

ఇప్పుడు వాల్జ్ తేదీలు చూడండి. 2005 ఫిబ్రవరిలో కాంగ్రెస్ కి పోటీ చేస్తానని పేపర్లు వేశాడు, మార్చిలో రెండేళ్లలోపు ఇరాక్ కి పిలుపు రావచ్చని గార్డ్ నుంచి కబురొచ్చింది, మేలో రిటైరయ్యాడు, యూనిట్ కి అలర్ట్ ఆర్డర్, అంటే వెళ్లడానికి సిద్ధంగా ఉండమని ఆదేశం, వచ్చింది జులైలో, ఇరాక్ వెళ్లింది 2006 మార్చిలో. ఆర్డర్ వచ్చాక పారిపోయాడనడం తప్పు. వస్తుందేమోనని తెలిసి వెళ్లాడా అంటే, ఆ మాట అడిగే హక్కు ఆ యూనిట్ లో ఉన్నవాళ్లకి ఉంది, కొందరు చాలా ఏళ్లుగా అడిగారు కూడా. యుద్ధంలో నేను మోసిన ఆయుధాలు అని 2018లో అన్నమాట మాత్రం ఆయన చేసిన తప్పే, ఆయన యుద్ధరంగానికి వెళ్లలేదు, 2003లో వెళ్లింది ఇటలీకి.

ఆగస్టు 13న లాస్ ఏంజెలిస్ లో వాల్జ్ జవాబిచ్చాడు, నా సర్వీస్ నాకు గర్వం, ఎవరి సర్వీస్ నీ తక్కువ చెయ్యకూడదు అని. కెర్రీకి రెండు వారాలు పట్టింది, ఈయనకి ఆరు రోజులు.