శాంతి షరతుల్లోకి చర్చి ఎలా వచ్చింది?

2025 జూన్ 2న ఇస్తాంబుల్‌లో రష్యా బృందం ఉక్రెయిన్ చేతికిచ్చిన షరతుల కాగితంలో భూభాగాలు, నాటో, సైన్యం సైజు ఉంటాయని అందరూ అనుకున్నదే. వాటితో పాటు ఇంకో రెండు కూడా ఉన్నాయి. రష్యన్‌కు అధికార భాష హోదా ఇవ్వాలి, మాస్కోతో ముడిపడిన ఉక్రెయిన్ ఆర్థడాక్స్ చర్చి మీద ఆంక్షలు ఎత్తేయాలి. చర్చల మాట మళ్లీ లేచినప్పుడల్లా ఈ రెండింటినీ చూపించి, ఇది సరిహద్దు తగాదా కాదు, నాగరికతల మధ్య యుద్ధం అనేవాళ్లు బయల్దేరుతున్నారు. ఆ వెంటే, ఇకపై గొడవలు నాగరికతల మధ్యే అని సిద్ధాంతం చేసిన హార్వర్డ్ ప్రొఫెసర్ శామ్యూల్ హంటింగ్టన్ పేరు కూడా వస్తోంది.

సోవియట్ కూలిపోవడం, క్రిమియా, 2022 ఫిబ్రవరి 24... అదంతా పాఠకులకు తెలిసిన కథే, వదిలేద్దాం. హంటింగ్టన్ పేరెత్తేవాళ్లు దాటేసే సంగతి ఒకటుంది. 1993లో 'ఫారిన్ అఫైర్స్' వేసవి సంచికలో ఆయన రాసిన ఆ ప్రసిద్ధ వ్యాసంలోనే ఉక్రెయిన్ ప్రస్తావన వస్తుంది. నాగరికతే అసలు విషయమైతే రష్యన్లకూ ఉక్రేనియన్లకూ మధ్య హింస జరిగే అవకాశం తక్కువని అన్నాడాయన. ఇద్దరూ స్లావులే, ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులే, శతాబ్దాల నుంచి కలిసి ఉన్నవాళ్లే. అదే సంచికలో జాన్ మియర్‌షైమర్ అనే ఇంకో ప్రొఫెసర్, ఉక్రెయిన్ అణ్వాయుధాలు వదులుకోకూడదనీ, వదులుకుంటే రష్యాను ఆపేదేమీ ఉండదనీ రాశాడు. 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో సంతకాలు చేసి ఉక్రెయిన్ వాటిని వదిలేసింది. తర్వాత ఏం జరిగిందో చూశాం. హంటింగ్టన్ 1996 నాటి పుస్తకంలో, ఉక్రెయిన్ తూర్పు పడమరలుగా చీలిపోవచ్చని కూడా అన్న మాట నిజమే. అది కూడా ఆయన అనుకున్నట్టు జరగలేదు. 1991 రెఫరెండంలో దొనెట్స్క్ ప్రాంతంలోనే 80 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. 2022లో రష్యా ఎక్కువగా ధ్వంసం చేసిన మరియుపోల్, ఖార్కివ్ రష్యన్ మాట్లాడే ఊళ్లే. ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో, బంకర్లలో రోజులు గడిపి వచ్చిన మన మెడికల్ స్టూడెంట్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. అక్కడి బజార్లో, ఆసుపత్రి వార్డులో వాళ్లు ఎక్కువగా విన్నది రష్యనే.

మరి చర్చి ఎక్కడి నుంచి వచ్చింది? దానికి 2018కి వెళ్లాలి. నా లెక్కలో అసలు మలుపు అదే.

2017 చివరి రోజున ఉక్రెయిన్ నగరం జపరోజ్యలో ఒక ఘోరం జరిగింది. ఓ మనిషి అపార్ట్‌మెంట్ పై అంతస్తు నుంచి కింద ఉన్న రెండేళ్ల పిల్లాడి మీద పడ్డాడు. ఇద్దరూ చనిపోయారు. అంత్యక్రియల ప్రార్థన కోసం తల్లిదండ్రులు పిల్లాడిని చర్చికి తీసుకెళ్తే, మాస్కోకు లోబడిన ఆ చర్చి పూజారి కుదరదన్నాడు. కారణం, పిల్లాడికి బాప్తిస్మం ఇచ్చింది మాస్కో గుర్తించని కీవ్ పాట్రియార్కేట్ చర్చి. ప్రార్థన ఒకటే, విశ్వాస ప్రమాణం ఒకటే. తేడా పైన ఎవరున్నారన్న దగ్గరే. కొద్ది రోజుల్లోనే జనం బొమ్మలు తెచ్చి ఆ చర్చి ముందు పెట్టడం మొదలుపెట్టారు. టెడ్డీ బేర్లు, గుడ్డ బొమ్మలు గుట్టగా పడ్డాయి. తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్‌లో యుద్ధం మొదలై అప్పటికి దాదాపు నాలుగేళ్లు. ఉక్రెయిన్ సైనికులకు అంత్యక్రియలు చేయం అన్న పూజారుల కథలు అప్పటికే ఊరూరా తిరుగుతున్నాయి.

2018 ఏప్రిల్‌లో అప్పటి ఉక్రెయిన్ అధ్యక్షుడు పొరొషెంకో, స్వతంత్ర చర్చి కావాలని ఇస్తాంబుల్‌లోని ఎక్యుమెనికల్ పాట్రియార్క్, అంటే ఆర్థడాక్స్ మతాధిపతుల్లో మొదటి స్థానం ఉన్న బార్తొలొమ్యుకు విన్నపం పంపాడు. అక్టోబరు 11న అక్కడి సినడ్, అంటే మతాధికారుల మండలి, ఒక పాత కాగితాన్ని రద్దు చేసింది. 1686లో కీవ్ మతాధిపతిని నియమించే అధికారాన్ని మాస్కోకు అప్పగించిన లేఖ అది. మర్నాడే పుతిన్ ఉక్రెయిన్ చర్చి విషయాన్ని దేశ భద్రతా మండలి ముందు పెట్టాడు. చర్చి తగాదాకు భద్రతా మండలి ఎందుకు? ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ చెప్పింది ఆ ఒక్క మీటింగే. 15న మాస్కో చర్చి ఇస్తాంబుల్‌తో మతబంధం తెంచుకుంది.

2019 జనవరి 5న బార్తొలొమ్యు 'టోమోస్' మీద సంతకం చేశాడు. పొరొషెంకో అడిగిన కొత్త చర్చికి స్వతంత్రం ఇచ్చే పత్రం అది. క్రిస్మస్ రోజు, అంటే పాత క్యాలెండర్ ప్రకారం 7న, దాన్ని కీవ్‌లోని సెయింట్ సోఫియాలో జనానికి చూపించారు. తర్వాత మిగతా సినడ్ సభ్యుల సంతకాల కోసం మళ్లీ ఇస్తాంబుల్‌కి పంపించి తెప్పించుకున్నారు. అంత హడావుడి ఎందుకంటే ఎన్నికలు దగ్గర పడ్డాయి. పొరొషెంకో 'సైన్యం, భాష, విశ్వాసం' అని నినాదమెత్తి, టోమోస్‌ను ఊళ్ల వెంట తిప్పాడు. ఓట్లు మాత్రం పడలేదు. 73 శాతంతో గెలిచింది జెలెన్‌స్కీ. యూదు కుటుంబంలో పుట్టి, రష్యన్ మాట్లాడుతూ పెరిగిన కామెడీ నటుడు. నాగరికతల సిద్ధాంతంలో ఈ ఫలితానికి చోటెక్కడో నాకు తెలియదు.

మాస్కో మాట వేరు. 1686లో అధికారం శాశ్వతంగా బదిలీ అయిందనీ, మూడొందల ఏళ్ల తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఎవరికీ లేదనీ, వెనకుండి నడిపింది అమెరికా అనీ అంటుంది. 2021 జులైలో పుతిన్ రాసిన పెద్ద వ్యాసంలో రెండు జాతులూ ఒకటే ప్రజ. 2023 మార్చిలో వచ్చిన విదేశాంగ విధాన పత్రంలో రష్యా ఒక ప్రత్యేక 'నాగరికతా రాజ్యం'. ఇందులో తమాషా ఏంటంటే, ఇద్దరూ ఒకే ప్రజ అయితే నాగరికతల గొడవ అన్న మాటే నిలవదు. 2022 మార్చి 6న మాస్కో చర్చి అధిపతి పాట్రియార్క్ కిరిల్ చేసిన ప్రసంగంలో దానికి జవాబు దొరికింది: గే పరేడ్‌లు, అంటే పోరు పాశ్చాత్య నాగరికతతో అన్నమాట. యుద్ధం మొదలై అప్పటికి పది రోజులు.

అసలు దెబ్బ తిన్నది మాస్కో సొంత మనుషులే. ఒడెస్సాలోని ట్రాన్స్‌ఫిగరేషన్ కేథడ్రల్‌ను స్టాలిన్ కాలంలో కూల్చేశారు. మళ్లీ కట్టాక 2010లో స్వయంగా కిరిల్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. 2023 జులై 23 తెల్లవారుజామున దాని మీద రష్యా క్షిపణి పడింది. ఊరి జనం చీపుర్లు, పారలు పట్టుకుని శిథిలాలు ఎత్తిపోశారు. అది కొత్త చర్చిది కాదు, మాస్కోతో ముడిపడిన పాత చర్చిది. అక్కడి బిషప్ ఒకరు కిరిల్‌కే ఘాటుగా లేఖ రాశారు.

అదే నెలలో ఉక్రెయిన్ క్రిస్మస్‌ను డిసెంబరు 25కి మార్చుకుంది. 2024 ఆగస్టులో, రష్యన్ చర్చితో సంబంధమున్న మత సంస్థలను నిషేధించడానికి వీలిచ్చే చట్టం తెచ్చింది. దీనిమీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఆందోళన వెలిబుచ్చింది. ఆ ఆందోళన అకారణం కాదు. ఇప్పుడు షరతుల కాగితంలో రష్యా అడుగుతున్నది ఈ చర్చి గురించే.

ఆ చర్చి మాత్రం 2022 మే 27నే మాస్కో నుంచి పూర్తి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ప్రార్థనల్లో కిరిల్ పేరు తీసేసిన చోట్లు చాలా ఉన్నాయి. అయినా మాస్కో అది మా చర్చే అంటోంది, కీవ్ కూడా అది మాస్కో చర్చే అంటోంది. ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.