గైడ్ వెంట కిర్గిజ్‌స్తాన్ కొండల్లో బైక్ యాత్ర: అపోహలు – వాస్తవాలు

కిర్గిజ్‌స్తాన్ భూభాగంలో తొంభై శాతానికి పైగా కొండలే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, కనుమలు తెరుచుకుని ఉండే ఆ నాలుగు నెలల్లో, మోటార్‌సైకిల్ బృందాలను అక్కడి దారుల్లో నడిపించడం నా వృత్తి. బయలుదేరే ముందు యాత్రికులతో మాట్లాడిన ప్రతిసారీ కొన్ని నమ్మకాలు ఒకే రూపంలో ఎదురవుతూ ఉంటాయి. వాటన్నిటికీ మూలం ఒకటే: గైడ్‌కు డబ్బు కట్టాం కాబట్టి కష్టమంతా అతనిదేనన్న భావన. నిజానికి గైడ్‌కు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో అతను తేల్చి చెప్పినందుకే చెల్లుతుంది. బండి నడిపే పని మాత్రం ఎవరిది వారిదే.

అపోహ: గైడ్ వెనకే వెళ్తే చాలు, దారి సంగతి మనకెందుకు?

కంకర దారిలో గైడ్ బండికి దగ్గరగా వెళ్లేవారికి కనిపించేది దుమ్ము ఒక్కటే. పైగా ముందు బండి చక్రం మీదే చూపు నిలిపితే అది గుంతలో పడినప్పుడు మనమూ పడతాం. అందుకే మట్టి దారుల్లో దుమ్ము అణగేంత దూరం వదలమని, ఎవరి దారిని వారే చూసుకోవాలని మొదటి రోజే చెబుతాం. అంత దూరం వదిలితే దారి తప్పమా అన్న అనుమానం సహజం. దానికి మేము పాటించే పద్ధతి ఒకటుంది. దారి చీలే ప్రతిచోటా గైడ్ వెనక ఉన్న మొదటి వ్యక్తి ఆగి, మలుపు ఎటో వెనక వచ్చేవారికి కనిపించేలా నిలబడతాడు. బృందమంతా దాటిపోయి, అందరికన్నా చివర వచ్చే సహాయక రైడర్ చేరాకే అతను కదులుతాడు. ఈ పద్ధతిలో ఎవరి వేగంతో వారు వెళ్లవచ్చు, ఎవరూ తప్పిపోరు.

ఇది నిలబడేది ఒకే ఒక్క షరతు మీద: ఆగినవాడు ఆగిన చోటు వదలకూడదు. ఒకసారి నరిన్ ప్రాంతంలో అలా కాపలా నిలిచిన యాత్రికుడు, దూరంగా గుర్రాల మంద కనిపించిందని ఫొటో కోసం పక్కనున్న గట్టు మీదికి ఎక్కాడు. ఆ పది నిమిషాల్లో ఇద్దరు వేరే లోయలోకి వెళ్లిపోయారు. ఫోన్ సిగ్నల్ లేని చోట వారిని వెతికి తెచ్చేసరికి చీకటి పడింది. ముందు నడిచే గైడ్ ఎంత అనుభవజ్ఞుడైనా, ఆ సాయంత్రం అతని అనుభవం ఎవరికీ అక్కరకు రాలేదు.

అపోహ: వయసులో ఉన్నవారికి, రోజూ వ్యాయామం చేసేవారికి ఎత్తు వల్ల ఇబ్బంది రాదు.

నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించి వివరించే విషయం ఇదే, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడినవారు తాము పొరపాటు పడ్డామని గుర్తించేలోపే ఆలస్యం అవుతుంది. రాజధాని బిష్కెక్ దాదాపు 800 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందరూ చూడాలనుకునే సోంగ్ కుల్ సరస్సు ఎత్తు 3,016 మీటర్లు. పొద్దున రాజధానిలో బయలుదేరినవాడు సాయంత్రానికి ఆ సరస్సు ఒడ్డున గుడారంలో పడుకోవడం మోటార్‌సైకిల్‌పై సాధ్యమే, చిక్కంతా అక్కడే ఉంది. కాలినడకన ఎక్కేవాడికి అలవాటు పడే వ్యవధి దానంతటదే దొరుకుతుంది, ఇంజను మీద ఎక్కేవాడికి దొరకదు. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు డెబ్బై శాతమే. తక్కువ ఆక్సిజన్‌కు శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది. కండబలానికీ ఈ సర్దుబాటుకూ సంబంధం లేదు. బాగా కసరత్తు చేసినవారే తలనొప్పిని లెక్కచేయక, ఆ విషయం దాచి, ఎక్కువ ప్రమాదంలో పడడం నేను చూశాను.

అందువల్ల మా యాత్రలో మొదటి రాత్రులు 1,607 మీటర్ల ఎత్తున్న ఇస్సిక్ కుల్ ఒడ్డున, ఆపై సుమారు 1,800 మీటర్ల ఎత్తున్న కోచ్‌కోర్‌లో గడుపుతాం. తొందరపడేవారికి ఇది కాలయాపనలా తోస్తుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వతారోహకులు, వైద్యులు చెప్పే సూత్రం. పగలు ఎత్తైన కనుమ దాటి రాత్రికి కిందికి దిగడంలో అంత ప్రమాదం లేదు. ఎత్తుకు శరీరం అలవాటు పడడానికి తోడ్పడే అసిటజోలమైడ్ మాత్ర వాడాలా వద్దా అన్నది బయలుదేరే ముందు మీ వైద్యుడితో తేల్చుకోవలసిన విషయం, గైడ్ జేబులోంచి తీసి ఇవ్వవలసింది కాదు.

బైక్ యాత్రికుల విషయంలో మరో మెలిక ఉంది. తలనొప్పి రాగానే హెల్మెట్ బిగుతు వల్లనో, ఎండ వల్లనో, నిన్నటి నిద్రలేమి వల్లనో అని సర్దిచెప్పుకుంటారు. ఎత్తైన చోట వచ్చిన తలనొప్పిని, వేరే కారణం రుజువయ్యే వరకు, ఎత్తు వల్ల వచ్చినదిగానే మేము భావిస్తాం. వికారం తోడైతే ఆ మనిషి ఇక పైకి ఎక్కడు. మడమకు మునివేళ్లు ఆనించి గీత మీద నడవమన్నప్పుడు తూలితే, అర్ధరాత్రి అయినా సరే, బండి వదిలేసి జీపులో కిందికి దింపుతాం. అప్పుడు వాదనలకు తావు ఉండదు.

అపోహ: కొండలు ఎక్కాలంటే పెద్ద ఇంజను బండి తప్పదు.

మనిషికి అందని గాలి ఇంజనుకూ అందదు. టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి పంపే పరికరం) లేని ఇంజను ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పది శాతం శక్తి కోల్పోతుంది, అంటే సోంగ్ కుల్ దగ్గర చిన్న బండైనా పెద్ద బండైనా దాదాపు మూడో వంతు బలహీనపడే ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లను సరిచేయగలదు కానీ, లేని ఆక్సిజన్‌ను తెచ్చిపెట్టలేదు. పెద్ద బండికి అప్పటికీ కొంత బలం మిగులుతుందన్న మాట నిజమే. అయితే బురదలో ఒరిగిన 240 కిలోల బండిని, అడుగు వేస్తే ఆయాసం వచ్చే ఎత్తులో, రోజుకు నాలుగుసార్లు లేపి చూడండి. సరస్సు నుంచి దక్షిణానికి దిగే తెస్కెయ్ తోర్పోక్ కనుమ ఒకటుంది. వరుస మలుపుల వల్ల దానికి 33 చిలుకలు అన్న ముద్దుపేరు వచ్చింది. ఆ మలుపుల్లో మూడో గేరు దాటే పనే పడదు. తేలికైన బండి మీద రెండు పాదాలూ నేలకు ఆనేవారు నవ్వుతూ దిగుతారు.

అపోహ: జూలైలో వెళ్తున్నాం, చలి బట్టలెందుకు?

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. బిష్కెక్‌లో 33 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున, కోచ్‌కోర్ వైపు నుంచి సరస్సుకు వెళ్లే 3,446 మీటర్ల కల్మక్ అషూ కనుమ మీద పదహారు డిగ్రీలు ఉండవచ్చు. ఇది ఎండ ఉన్నప్పటి లెక్క. మబ్బు పట్టి వాన మొదలైతే, తడిసిన చేతి తొడుగుల్లోంచి గాలి దూసుకుపోతుంటే, బ్రేకు నొక్కే వేళ్లు మాట వినవు. జూలైలో మంచు కురిసిన రోజులూ ఉన్నాయి. వాన కోటు సపోర్ట్ వాహనంలో భద్రంగా ఉందని చెప్పేవారిని చూస్తే నాకు కాస్త కోపం వస్తుంది. అది ఉండవలసింది బండి వెనక, చేతికి అందే చోట.

అపోహ: సపోర్ట్ వాహనం ఉంటే అంబులెన్స్ ఉన్నట్టే.

ఆ వాహనంలో సామాను, విడిభాగాలు, మెకానిక్, ప్రథమ చికిత్స పెట్టె ఉంటాయి. అది అందరికన్నా వెనక వస్తుంది, ఇరుకు దారుల్లో మనకన్నా నెమ్మదిగా వస్తుంది, కొన్ని ఏర్లు దాటలేక చుట్టూ తిరిగి కూడా వస్తుంది. అది చేరేలోపు గాయపడినవారి పక్కన ఉండేది తోటి యాత్రికులే కనుక, రక్తస్రావం ఆపడం, హెల్మెట్ ఎప్పుడు తీయకూడదో తెలుసుకోవడం అందరికీ నేర్పుతాం. అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి చేరడానికి గంటలు పడుతుంది. బీమా పత్రంలో మోటార్‌సైకిల్ ఇంజను సామర్థ్యానికి, ఎత్తుకు పరిమితులు ఉన్నాయేమో ముందే చదువుకోండి. మోటార్‌సైకిల్ నడిపే అర్హత నమోదు కాని లైసెన్సుతో ప్రమాదం జరిగితే ఆ బీమా అక్కరకు రాకపోవచ్చు.

అపోహ: ఏరు దాటేటప్పుడు వేగమే రక్ష.

వేగంగా దూకితే నీరు ఇంజనులోకి చేరుతుంది, కనబడని రాయి ముందు చక్రాన్ని పక్కకు తిప్పేస్తుంది. ముందుగా దిగి, నడిచి, లోతు చూడాలి. నడిచి దాటలేని ప్రవాహంలోకి బండిని దించకూడదు. ఆపై మొదటి గేరులో, నిలకడైన వేగంతో, అవతలి గట్టు మీద చూపు నిలిపి వెళ్లాలి. ఇంతకన్నా ముఖ్యమైనది సమయం. హిమానీనదాల నుంచి వచ్చే ఏర్లు తెల్లవారుజామున సన్నగా ఉండి, ఎండకు మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి ఉబ్బుతాయి. పొద్దున మోకాలి లోతున దాటిన ఏరు సాయంత్రం తిరుగు ప్రయాణంలో దారి ఇవ్వకపోవచ్చు. నేను అయిదున్నరకే అందరినీ లేపితే గొణుక్కునేవారికి నా జవాబు ఇదే.

అపోహ: ఖాళీ రోడ్లలో ప్రమాదం ఏముంటుంది?

కిర్గిజ్‌స్తాన్‌లో వాహనాలు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. ఎడమ పక్కకు అలవాటు పడినవారు రద్దీలో తప్పు చేయరు, ఎందుకంటే చుట్టూ ఉన్న వాహనాలే సరిదిద్దుతాయి. తప్పు జరిగేది టీ తాగి, ఎవరూ లేని రోడ్డు మీదకు తిరిగి ఎక్కినప్పుడు. అలవాటైన చెయ్యి బండిని ఎడమకు తీసుకెళ్తుంది, మలుపు అవతల లారీ వస్తూ ఉంటుంది. నేను ప్రతి విరామం తర్వాతా "కుడి" అని గట్టిగా అరుస్తాను. మూడో రోజుకు అది బృందంలో హాస్యంగా మారుతుంది, మారినా మానను.

ఇక వేసవి పచ్చిక బయళ్లను అక్కడ జైలూ అంటారు. తెలుగు చెవికి ఆ మాట ఎలా వినిపించినా, అంత ఆరుబయలు మరెక్కడా ఉండదు. అక్కడ గుర్రాలు, గొర్రెలు, వాటిని కాసే కుక్కలు రోడ్డుకు హక్కుదారులు. గుర్రాలను హారన్‌తో తరిమితే బండి ముందే పరుగెత్తుతాయి. ఆగి, అవి దాటే దాకా వేచి ఉండడమే మేలు. కాపరులు ఆదరంతో ఇచ్చే కిమిజ్ అనే పులిసిన గుర్రపు పాలలో స్వల్పంగా ఆల్కహాల్ ఉంటుంది. మర్యాదకు ఒక గుక్క చాలు, మిగతాది ఆ రోజుకు బండి దిగాక.

అపోహ: అనుమతులన్నీ గైడ్ అక్కడికక్కడే చూసుకుంటాడు.

చైనా సరిహద్దుకు దగ్గరగా ఉన్న కెల్ సూ సరస్సు వంటి చోట్లకు సరిహద్దు మండల అనుమతి పత్రం ముందే తీసుకోవాలి. దానికి సమయం పడుతుంది, చెక్‌పోస్టులో ఎంత బతిమాలినా ఆ పత్రం పుట్టదు. సైనికులు జాబితాలోని పేరును, పాస్‌పోర్టు సంఖ్యను ఒక్కొక్క అక్షరం చొప్పున సరిచూస్తారు. మేము దరఖాస్తు పెట్టాక ఒక యాత్రికుడు పాస్‌పోర్టు కొత్తది చేయించుకుని, ఆ మాట చెప్పడం మరిచాడు. సంఖ్య కుదరలేదు. బృందం సరస్సుకు వెళ్లి వచ్చే రెండు రోజులూ అతను నరిన్‌లోనే ఉండిపోయాడు. అప్పటి నుంచి యాత్రకు నెల రోజుల ముందు ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు నకలు మళ్లీ అడిగి తీసుకుంటున్నాం. "మొన్ననే పంపాను కదా" అన్న జవాబు వచ్చినా సరే, మళ్లీ పంపమనే అంటాం.