కట్టని బిల్డింగుకి అద్దె ఎక్కడిది?

"రిజిస్ట్రేషన్ అయింది కదా లాయరు గారూ, ఇంకేం భయం?" ఎల్బీ నగర్‌లో నా దగ్గరికి ఫైలు పట్టుకొచ్చేవాళ్లు చాలామంది ముందు అనే మాట ఇదే.

అపోహ: ప్రీ-లాంచ్‌లో, అంటే ప్రాజెక్టుకి అనుమతులు రాకముందే అమ్మేటప్పుడు, మొత్తం కట్టేస్తే, బిల్డింగు లేవకముందే నెలనెలా అద్దె వస్తుంది.

వాస్తవం: లేవని బిల్డింగులో అద్దెకుండేది ఎవరండీ? మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కమర్షియల్ స్పేస్‌కని 30 లక్షలు కట్టారు. చేతిలో ఉన్నవి యూడీఎస్ రిజిస్ట్రేషన్ కాగితాలు, నెలకు 30 వేలిస్తామని బాండ్ పేపర్ మీద రాసిన అగ్రిమెంటు. 11 నెలలు ఠంచనుగా పడ్డాయి. ఆ ధీమాతో బావమరిది చేత కూడా కట్టించారు. పన్నెండో నెల నుంచి ఫోనెత్తేవాడు లేడు. "వచ్చిన 3.3 లక్షలూ మీ డబ్బే మాస్టారూ" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే లెక్క వేసుకుని కళ్లజోడు తీశారు.

యూడీఎస్ అంటే స్థలంలో విడదీయని వాటా, అంతే. మీ షాపు ఏ అంతస్తులోదో ఆ దస్తావేజు చెప్పదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, చిన్నాచితకా కట్టడాలు తప్ప, ఏ ప్రాజెక్టుకైనా రెరా నంబరు రాకముందు ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. మరి "వంద శాతం ఇప్పుడే కడితే సగం ధర" అన్నాడంటే? అక్కడే లేచి వచ్చేయండి. వాట్సాప్‌లో ఎవరో "మా వాడికి వస్తోంది" అన్నాడని ఆగకండి. మాస్టారికీ 11 నెలలు వచ్చింది.

అపోహ: ఫ్లాటు కొంటే ఈఎంఐ అద్దెలోనే వెళ్లిపోతుంది.

80 లక్షల ఫ్లాటుకి నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 3.3 శాతం. 60 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ 52 వేలు. మెయింటెనెన్సు, ఖాళీగా ఉండే నెలలు వేరే.

అపోహ: వచ్చిన అద్దె మొత్తానికీ ఇన్‌కమ్ ట్యాక్సే.

కాదు. కట్టిన ఆస్తి పన్ను తీసేశాక మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంది.

అపోహ: ఆఫీసుల అద్దె కోటీశ్వరులకే.

రీట్ అంటే చాలామంది డబ్బుతో అద్దె భవనాలు నడిపే ట్రస్టు. దాని యూనిట్లు షేర్లలాగే కొనుక్కోవచ్చు. పంచగలిగే నగదులో 90 శాతం వాళ్లు పంచి తీరాలి. మైండ్‌స్పేస్ రీట్‌కి మాదాపూర్‌లోనే భవనాలున్నాయి. యూనిట్ ధర పడిపోవచ్చు కూడా, అది వేరే సంగతి.

మాస్టారి తరఫున రెరాలో ఫిర్యాదు వేశాం. బావమరిది కాగితాలు కూడా తెమ్మన్నాను. అడగడానికి ఆయనకు ముఖం చెల్లడం లేదట.